మే నెలలో ఆవు పాలు పల్చనైతే నీళ్ళు కలిపినట్టేనా?

ఈ ఎపిసోడ్ స్టూడియోలో కాదు, పెండ్లిమర్రిలో మా ఇంటి కొట్టంలో షూట్ చేస్తున్నా. మధ్యమధ్యలో గుటగుటమని సౌండ్ వస్తే మైక్ ప్రాబ్లం అనుకోకండి, మా జెర్సీ క్రాస్ ఆవు తొట్టిలో నీళ్ళు తాగుతోంది. ఎడిటింగ్‌లో తీసేయలేదు, ఎందుకంటే ఈ రోజు టాపిక్‌లో ఆ నీళ్ళకి కూడా పాత్ర ఉంది.

పోయిన మే నెలలో జరిగింది చెప్తా. మా వీధికి బండి మీద వచ్చి పాలు పోయించుకునే ఆయన ఒకాయన ఉన్నాడు. అమ్మ క్యాన్ తీసుకుపోతే లాక్టోమీటర్ ముంచి, "ఏమక్కా, పాలల్లో నీళ్ళు పడినట్టుండాయే" అన్నాడు. మామూలుగానే అన్నాడు, గొడవ పెట్టుకోలేదు. కానీ చుట్టూ నలుగురు ఆడోళ్ళు క్యాన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. అమ్మ "నేను నీళ్ళు పోసేదాన్నా నాయనా" అని మాత్రం అని ఇంటికొచ్చేసింది. ఆ పూట అన్నం తినలేదు. లీటరుకి కోసిన రూపాయల లెక్క కాదండీ అది, నలుగురిలో పడిన మాట.

నేనేమో బీటెక్ చేసి, బెంగళూరులో కోడ్ రాసి, వదిలేసి వచ్చినోణ్ణి. బగ్ వచ్చిందంటే లాగ్స్ చూడటం తప్ప ఇంకోటి తెలీదు. అదృష్టం ఏంటంటే లాగ్స్ ఉన్నాయి. అంతకుముందు శీతాకాలంలో ఒక వీడియో కోసం నేనూ ఒక లాక్టోమీటర్ కొని, కొన్నాళ్ళు రీడింగులు ఫోన్లో రాసిపెట్టుకున్నా. జనవరిలో మా ఆవు పాలు 28 దగ్గర ఉన్నాయి. మేలో ఆయన చూసింది 25. ఆయన కటాఫ్ 26. ఆవు అదే, పిండే చేయి అదే. మరి ఆ 3 పాయింట్లు ఎక్కడికి పోయాయి?

ముందు ఆ గాజు గొట్టం ఏం చెప్తుందో చూద్దాం. 28 అంటే ఒక లీటరు పాలు 1.028 కిలోల బరువు ఉన్నాయని. లీటరు నీళ్ళు దాదాపు కిలో కదా, ఆ పైనున్న 28 గ్రాములు పాలలోని ప్రొటీన్, లాక్టోజ్ అనే చక్కెర, లవణాల వల్ల వస్తాయి. వెన్న తీసేసి చూస్తే మిగిలే వీటినే డెయిరీ వాళ్ళు ఎస్ఎన్ఎఫ్ అంటారు. మరి వెన్న? వెన్న నీళ్ళ కంటే తేలిక. అందుకే మీగడ పైకి తేలుతుంది. అంటే పాలలో వెన్న పెరిగితే లాక్టోమీటర్ రీడింగ్ తగ్గుతుంది!

ఇక్కడొక్క నిమిషం ఆగండి. మనం "చిక్కటి పాలు" అనేది నాలుకతో, "సాంద్రత" అనేది మీటర్‌తో. రెండూ ఒకటి కాదు. ఎవరైనా మీగడ తీసేస్తే రీడింగ్ పైకి పోతుంది, తర్వాత కాసిని నీళ్ళు పోస్తే మళ్ళీ నార్మల్‌కి దిగుతుంది. మోసం చేసినోడు పాస్. ఎండకి అల్లాడిన ఆవు ఫెయిల్. నాకు ఒళ్ళు మండింది ఇక్కడే.

సరే, 3 పాయింట్లలో సగం దొంగ ఎవరో చెప్తా: టెంపరేచర్. మన దగ్గర దొరికే ఐఎస్ఐ లాక్టోమీటర్లు 27 డిగ్రీల దగ్గర కరెక్ట్‌గా చూపించేలా తయారు చేస్తారు. పాలు అంతకంటే వేడిగా ఉంటే వ్యాకోచించి తేలికవుతాయి, రీడింగ్ తగ్గుతుంది. సుమారుగా ప్రతి డిగ్రీకీ 0.2 కలుపుకోవాలి. ఆవు పొదుగులోంచి వచ్చే పాలు 38 డిగ్రీల దగ్గర ఉంటాయి. కడప ఎండాకాలంలో అవి క్యాన్లో ఎంతసేపని చల్లారతాయి? మర్నాడు థర్మామీటర్ పెట్టి చూశా, 34. ఏడు డిగ్రీలు ఎక్కువ, అంటే 1.4 కలపాలి. 25 కాస్తా 26.4 అయ్యింది. కటాఫ్ దాటేసింది! ఇంకోటి, పిండిన వెంటనే నురగలో గాలి ఉంటుంది, పాలలో కొవ్వు కూడా ఇంకా గడ్డకట్టి కుదురుకోదు. అందుకే అప్పుడే పిండిన పాలు కొన్ని గంటలు ఆగిన పాల కంటే కాస్త తక్కువే చూపిస్తాయి.

కానీ నిజాయితీగా చెప్పాలి, 26.4 కూడా 28 కాదు. మిగిలిన 1.6 నిజంగానే పాలలోంచి పోయింది. రీడింగ్‌లో ఒక పాయింట్ అంటే ఎస్ఎన్ఎఫ్‌లో పావు శాతం, కాబట్టి సుమారు 0.4 శాతం. ఆవు పాలకి ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన కనీసం 3.2 శాతం ఫ్యాట్, 8.3 శాతం ఎస్ఎన్ఎఫ్. ఆ గీత దగ్గర బతికే పాలకి 0.4 చాలా పెద్దది.

అదెందుకు పోయింది? మీ ఫోన్ ఎండలో పెట్టి గేమ్ ఆడండి. వేడెక్కగానే ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది. ఆవూ అంతే. దాని కడుపులో మేత పులిసేటప్పుడు బోలెడు వేడి పుడుతుంది, వరిగడ్డి, చొప్ప లాంటి పీచు మేతకి ఇంకా ఎక్కువ. బయట 42 డిగ్రీలున్నప్పుడు లోపల కూడా పొయ్యి ఎవరు పెట్టుకుంటారు? మేత తగ్గించేస్తుంది. పీచు తగ్గితే వెన్న తయారీకి కావాల్సిన ముడిసరుకు తగ్గుతుంది. పైగా రొప్పుతూ చొంగ కారుస్తుంది, కడుపులో పులుపుని అదుపు చేసే లాలాజలం నేలపాలవుతుంది. శక్తి చాలక ప్రొటీన్ కూడా పడిపోతుంది. నాటు ఆవులు కొంత తట్టుకుంటాయి, జెర్సీ, హెచ్ఎఫ్ క్రాసులకే ఎక్కువ దెబ్బ.

వానలు పడి పచ్చిగడ్డి వచ్చాక కథ వేరే. పాలు లీటర్లలో పెరుగుతాయి, లేత గడ్డిలో పీచు తక్కువ కాబట్టి ఫ్యాట్ శాతం మాత్రం కొంచెం జారొచ్చు. సంక్రాంతి రోజులకి చలి, మంచి మేత రెండూ కలిసి ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ రెండూ పైకొస్తాయి. చలికాలం పెరుగు గిన్నె బోర్లించినా పడదు అంటారే, తోడు మహిమ ఒక్కటే కాదది. అమెరికాలో కూడా పాల ఫ్యాట్ చలికాలంలో ఎక్కువ, వేసవిలో తక్కువ. అక్కడ పగటి పొడవు పాత్ర కూడా ఉందంటారు.

ఇప్పుడు తొట్టి నీళ్ళ సంగతి. ఈ గొడవ విని పక్కింటి పెద్దాయన సలహా ఇచ్చాడు: "నీళ్ళు తక్కువ పెట్టండి, పాలు చిక్కబడతాయి." అమ్మ దాదాపు ఒప్పేసుకుంది. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు! పాలలో నీరు 87 శాతం దాకా ఉంటుంది, కానీ అది ఎంతుండాలో నిర్ణయించేది ఆవు తాగిన నీళ్ళు కాదు, లాక్టోజ్. పొదుగులో ఎంత లాక్టోజ్ తయారైతే అంత నీటినే లోపలికి లాక్కుంటుంది, రక్తంలోని గాఢతతో సమానంగా ఉండేలా. ఆవు ఒక తొట్టి ఎక్కువ తాగితే మూత్రంలో, చెమటలో పోతుంది, పాలలోకి రాదు. నీళ్ళు ఆపేస్తే పాలు చిక్కబడవు, తగ్గిపోతాయి, ఆవు పడిపోతుంది.

ఈ బ్యాలెన్స్ వల్లే ఇంకో మేలు. ఏ సీజన్‌లోనైనా పాలు గడ్డకట్టే టెంపరేచర్ దాదాపు మారదు, సున్నాకి అర డిగ్రీ పైచిలుకు కింద. నీళ్ళు కలిపితే అది సున్నా వైపు జరుగుతుంది. క్రయోస్కోప్ అనే మెషీన్ చూసేది దీన్నే. ఎండ పల్చన చేసిన పాలకీ, చెంబు పల్చన చేసిన పాలకీ తేడా అది చెప్పగలదు. లాక్టోమీటర్ ఒక్కటే చెప్పలేదు.

మరి మేమేం చేశాం? మేత టైం మార్చాం, తెల్లవారుజామున ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి. మధ్యాహ్నం గోనెపట్టలు తడిపి కట్టాం. మినరల్ మిక్చర్, కాసింత తినే సోడా పశువుల డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టాం. మీరూ డాక్టర్‌ని అడగకుండా సోడా పెట్టొద్దు. జూన్ మొదట్లో సరిచేసిన రీడింగ్ 27 దగ్గరికొచ్చింది. ఒక్క ఆవు, ఒక్క వేసవి, దీన్ని రీసెర్చ్ అని నేననను. ఈనిన తర్వాత ఎన్నో నెల అన్నదాన్ని బట్టి కూడా ఇవి మారతాయి.

ఆ పాలాయనకి థర్మామీటర్ చూపించి లెక్క చెప్పా. విన్నాడు. "రోజూ నలభై ఇండ్లు తిరగాల, ఒక్కో క్యాన్‌కీ ఈ లెక్కలేస్తా కూర్చుంటే పాలు ఇరిగిపోతాయి సామీ" అన్నాడు. అదీ నిజమే. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం, ఎండాకాలంలో ముంచేముందు పాల చెంబుని కాసేపు కుండ నీళ్ళలో పెట్టడం. చల్లబడ్డాక ముంచి చూస్తే 26 దాటింది. ఆ రోజు కూడా ఆ నలుగురు ఆడోళ్ళు అక్కడే ఉన్నారు. అమ్మ ఏమీ అనలేదు, క్యాన్ తీసుకుని మెల్లగా నడుచుకుంటూ వచ్చింది.

మీ ఊర్లో రీడింగ్ ఎంతొస్తోందో పంపండి, పక్కనే పాల టెంపరేచర్ కూడా రాయండి, లేకపోతే పోల్చడానికి పనికిరాదు. సరే మరి, పాలు పిండే టైం అయ్యింది, కెమెరా తీయమంటోంది అమ్మ.