రంపం మెషిను పేరుపలక మీద ఏముంది?



సూరత్ నుంచి భరూచ్ వైపు పాసింజరు ఎక్కితే కాసేపటికి కిమ్ స్టేషన్ వస్తుంది. ఊరి పేరూ, ఆ పక్కన పారే నది పేరూ ఒకటే. చుట్టూ పిపోదరా, కరంజ్ వైపంతా నూలు, బట్ట ఫ్యాక్టరీలు. మగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి సూరత్ చేరిన మన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సూరత్ నగరపాలక బడుల్లో తెలుగు మీడియం కూడా నడుస్తోందంటే ఇక వేరే చెప్పాలా? ఫ్యాక్టరీలున్న చోట చెక్క పని కూడా ఉంటుంది. ప్యాకింగు పెట్టెలు, తలుపులు, మంచాలు చేసే చిన్న షెడ్లు ఉంటాయి. ఆ షెడ్డులో కరెంటు రంపం ఒకటి ఉంటుంది, చాలా చోట్ల సెకండ్ హ్యాండుదే. ఇవాళ దాని గురించి మాట్లాడుకుందాం. మా ఇంట్లో రంపం లేదు కదా అని రేడియో కట్టేయకండమ్మా, దాని ముందు నిలబడే మనిషి మీ ఇంటివాడే కావచ్చు.

ఇలాంటి పాత రంపాల గురించే 2000 సంవత్సరం నవంబరులో అమెరికాలో ఒక ప్రకటన వచ్చింది. సియర్స్ దుకాణాల్లో క్రాఫ్ట్స్‌మన్ పేరుతో అమ్మిన రేడియల్ ఆర్మ్ రంపాలను, వాటిని తయారుచేసిన ఎమర్సన్ కంపెనీ రీకాల్ చేసింది. లోపం ఉందని చెప్పి, ఉచితంగా సరిచేస్తామనో సొమ్ము ఇస్తామనో కొన్నవాళ్ళను పిలవడమే రీకాల్. అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషనూ కంపెనీతో కలిసే ఆ ప్రకటన చేసింది. లెక్క వింటే ఆశ్చర్యం వేస్తుంది. సుమారు 37 లక్షల మెషిన్లు. అవి 1958 నుంచి 1992 దాకా అమ్ముడైనవి. అంటే నలభై రెండేళ్ళ కిందట కొన్న మెషిను కూడా అందులో ఉందన్నమాట. తాత కొన్నది, తండ్రి వాడినది, కొడుకు షెడ్డులో దుమ్ము పట్టి ఉన్నది, అన్నీ లెక్కలోకి వచ్చాయి.

లోపం మోటారులో లేదు, కరెంటులోనూ లేదు. ఈ రకం రంపంలో పైన ఒక ఇనుప చెయ్యి ఉంటుంది. మోటారు, గుండ్రటి బ్లేడు దానికి వేలాడుతుంటాయి. చెక్కను బల్ల మీద పెట్టి, బ్లేడును మనవైపు లాక్కుంటూ కోస్తాం. రీకాల్ చేసిన మెషిన్లలో బ్లేడు పైసగానికే గార్డు ఉంది, కింది సగం బోసిగా ఉంది. వేళ్ళు తగిలి, లేదా చెక్క ఎదురు తన్ని గాయపడ్డట్టు కంపెనీకి 300కు పైగా ఫిర్యాదులు అందాయి. బ్లేడు మొత్తాన్ని కప్పే కొత్త గార్డును ఉచితంగా ఇస్తామన్నారు. గార్డు బిగించే వీలు లేని మోడళ్ళు కొన్ని ఉన్నాయి. వాటికి చేసిన ఏర్పాటు నాకు బాగా నచ్చింది. మోటారు భాగం ఊడదీసి పంపిస్తే 100 డాలర్లు ఇస్తామన్నారు. మెషినుకు ప్రాణం మోటారే కదా, అది వెళ్ళిపోతే మిగిలిన ఇనుము ఎవరి వేలూ కొయ్యలేదు.

అంత చిన్న గార్డుకు ఇంత హడావుడి ఎందుకంటారా? లెక్క వేసి చూద్దాం. పది అంగుళాల బ్లేడు చుట్టుకొలత సుమారు 80 సెంటీమీటర్లు. మన కరెంటు మీద నడిచే మామూలు మోటారు నిమిషానికి దాదాపు 2880 చుట్లు తిరుగుతుంది. బ్లేడు నేరుగా మోటారుకే బిగించి ఉంటే, అంచున ఉన్న పన్ను గంటకు 138 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. వేలికి నొప్పి తెలిసి, మెదడుకు కబురు వెళ్ళి, చెయ్యి వెనక్కి రావడానికి పావు సెకను పడుతుందనుకోండి. ఆ పావు సెకనులో బ్లేడు పన్నెండు చుట్లు తిరిగేసింది. నలభై పళ్ళ బ్లేడు అయితే 480 పళ్ళు అక్కడి నుంచి దాటాయి. "నేను ముప్పై ఏళ్ళ మిస్త్రీని, చెయ్యి లాగేసుకుంటాను" అనే మాట ఈ లెక్క ముందు నిలవదు. అనుభవంతో చెయ్యి ఎక్కడ పెట్టకూడదో తెలుస్తుంది కానీ, నరాల వేగం పెరగదు.

ఇంకొకటి, బ్లేడుకు తన దారిన తను పోయే గుణం ఉంది. రేడియల్ రంపాన్ని మనవైపు లాగుతున్నప్పుడు పళ్ళు చెక్కను పట్టుకొని తామే ముందుకు, అంటే మన మీదికి, పాకబోతాయి. అందుకే లాగే చెయ్యి మెల్లగా లాగుతూనే కాస్త ఆపి పట్టుకోవాలి. పొడుగునా చీలుస్తున్నప్పుడు వేరే ప్రమాదం. సరిగా ఆరని చెక్క, లోపల బిగువున్న చెక్క కోస్తుండగానే ముడుచుకుంటుంది. కోసిన సందు మూసుకుపోయి బ్లేడును వెనక నుంచి పట్టేస్తుంది. బ్లేడు ఆగదు, చెక్కను విసిరేస్తుంది. చెక్కతోపాటు దాన్ని నొక్కిపట్టిన చెయ్యి కూడా బ్లేడు వైపు లాగబడుతుంది. రంపం మీద ఏ పని చేసేటప్పుడైనా గుడ్డ గ్లోవ్సు వేసుకోవద్దు. పళ్ళు దారపు పోగును పట్టుకున్నాయంటే చెయ్యంతా పోతుంది. కండువా, వేలాడే చేతులున్న చొక్కా, గాజులు, కడియాలు తీసి పక్కన పెట్టాల్సిందే.

జరగరానిది జరిగితే? ముందు స్విచ్చు కట్టెయ్యాలి. శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద గట్టిగా అదిమి, చెయ్యి గుండె కన్నా ఎత్తుగా పట్టాలి. కాఫీపొడి, పసుపు, సున్నం వెయ్యొద్దు. డాక్టరు అదంతా కడిగి తీయడానికే సమయం పోతుంది. తెగిన వేలు ఉంటే దాన్ని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని ఐసు వేసిన నీళ్ళలో ఉంచాలి. ఐసు మీద నేరుగా పెడితే కణాలు గడ్డకట్టి చచ్చిపోతాయి, అప్పుడు ఏ డాక్టరూ ఏమీ చెయ్యలేడు. వేలిలో కండరం లేదు కాబట్టి, చల్లగా ఉంచితే చేతికన్నా, కాలికన్నా ఎక్కువ గంటలు తట్టుకుంటుంది. పూర్తిగా తెగిన బొటనవేలిని తిరిగి అతికించడం జపాన్‌లో నారా ప్రాంతంలో కోమత్సు, తమాయి అనే డాక్టర్లు 1965లోనే చేసి చూపించారు. మన హైదరాబాదులో 2005లో పుట్టిన 108 అంబులెన్సు 2007 నుంచి గుజరాత్‌లోనూ తిరుగుతోంది. ఆ నంబరు షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

ఇక మన పాత మెషిను దగ్గరికి వద్దాం. రీకాల్ కబురు మొదట కొన్నవాడి ఇంటికి వెళ్తుంది. మెషిను మాత్రం ఇల్లు మారి, ఊరు మారి, ఒక్కోసారి దేశమే మారిపోతుంది. భావ్‌నగర్ దగ్గర అలంగ్ తీరాన 1983 నుంచి పాత ఓడలను విడగొడుతున్నారు. ఓడల్లోని మంచాలు, కుర్చీలు, పనిముట్లు అక్కడ రోడ్డు పక్క కొట్లలో వరసగా పెట్టి అమ్ముతారు. పనిముట్టు బాగుందని కొనుక్కున్నవాడికి ఏ కంపెనీ ఉత్తరం రాస్తుంది? అమెరికాలో పాత ఇల్లు కొనుక్కున్న మన పిల్లలకూ ఇదే చిక్కు, పాత ఓనరు గ్యారేజీలో వదిలేసిన రంపం ఇంటితోపాటు వస్తుంది. మీ అబ్బాయికి చెప్పండి, క్రాఫ్ట్స్‌మన్ రేడియల్ రంపమైతే మోడల్ నంబరు 113తో మొదలవుతోందేమో చూడమనండి. రీకాల్ అయినదాన్ని సరిచెయ్యకుండా వేరేవాళ్ళకు అమ్మడం అక్కడ 2008 చట్టం తర్వాత నేరం కూడాను.

మన దగ్గరున్న మెషినుకూ చెయ్యాల్సిన మొదటి పని అదే. ప్లగ్గు పీకేసి, మోటారు పక్కనున్న పేరుపలకను కిరోసిన్ గుడ్డతో తుడవండి. కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, వోల్టేజి, చుట్ల వేగం, అన్నీ దాని మీదే ఉంటాయి. ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఆ కంపెనీ పేరుకు, మోడల్‌కు రీకాల్ అనే మాట చేర్చి పిల్లలను నెట్‌లో వెతకమనండి. వోల్టేజి 110 అని ఉంటే మన 230 కరెంటుకు నేరుగా తగిలించవద్దు. మోటారు కాలిపోతుంది, కొన్ని రకాలైతే కాలేలోపు విపరీతమైన వేగం అందుకుంటాయి. బ్లేడు మీద రాసిన గరిష్ఠ వేగం మోటారు వేగం కన్నా తక్కువ ఉండకూడదు. ఎర్తింగు సంగతి ఎలక్ట్రీషియన్ చూసుకుంటాడు.

రీకాల్ ఉందని తేలితే, గార్డు వచ్చేదాకా మెషిను నడపకండి. "ఈ ఒక్క ఆర్డరు అయ్యాక" అనే మాట ప్రతి షెడ్డులోనూ వినిపిస్తుంది. అది వినకండి. ప్లగ్గుకు తాళం వేయండి, లేదా వైరు కోసెయ్యండి. వెల్డింగు షాపులో రేకు వంచి సొంతంగా గార్డు చేయించడం నాకు సమ్మతం కాదు. అది వదులై బ్లేడుకు తగిలితే గార్డే ముక్కలై ఎగిరి మొహానికి తగులుతుంది. కంపెనీ మూతపడి, విడిభాగాలు దొరకని మెషినైతే దాన్ని పాత సామాన్ల కొట్టుకు చెక్కుచెదరకుండా ఇవ్వకండి. మోటారు వేరు, బ్లేడు వేరు, చెయ్యి వేరు చేసి తూకానికి వేయండి. నాలుగు డబ్బులు తక్కువ రావచ్చు, రానివ్వండి.

మన దేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జులైలో కేంద్ర ప్రాధికార సంస్థ ఒకటి ఏర్పడింది. ప్రమాదకరమైన వస్తువును వెనక్కి తీసుకొమ్మని, కొన్నవాళ్ళకు సొమ్ము తిరిగి ఇవ్వమని కంపెనీని ఆదేశించే అధికారం దానికి ఉంది. షెడ్డు పెట్టుకుంటే వ్యాపారి అంటారేమో అని జంకనక్కర్లేదు. సొంతంగా పని చేసుకొని బతుకుతెరువు కోసమే కొన్న పనిముట్టు అయితే ఆ మనిషిని చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. గుజరాతీ, హిందీ రాకపోయినా ఫరవాలేదు, అక్కడ తెలుగులో కూడా మాట్లాడవచ్చు. బిల్లు, పేరుపలక ఫొటో ఎదురుగా పెట్టుకొని ఫోన్ చేయండి. వాళ్ళిచ్చే ఫిర్యాదు నంబరును బిల్లు వెనకే రాసి పెట్టుకోండి.