వారంటీ ఎవరి దయా కాదు
(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి రోజూ మాట్లాడే మనం, డబ్బు పెట్టి కొన్న వస్తువు చెడిపోతే మాత్రం మన ఖర్మ అని ఊరుకుంటాం. ఇవాళ మన ఆఫీసుల్లోని లాప్‌టాప్ గురించి మాట్లాడతాను. ఇది చిన్న విషయం కాదు. గృహహింస కేసుల పిటిషన్లు, బాధితుల వాంగ్మూలాలు, జమాఖర్చులు అన్నీ అందులోనే ఉంటున్నాయి. అది గంటకోసారి ఆగిపోతే నష్టపోయేది మనల్ని నమ్మి వచ్చిన స్త్రీ.

వారంటీ ఉంది కదా అని సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే ఏమంటారు? "లోపల తడి చేరింది, వారంటీ వర్తించదు" అంటారు. "మీకు వాడటం రాలేదమ్మా, మగవాళ్లెవరినైనా పంపండి" అనేవాళ్లూ ఉన్నారు. నీళ్లు పడినా, కింద పడినా సాధారణంగా వారంటీ వర్తించని మాట నిజమే. కానీ నోటిమాటగా అంటే చాలదు. కారణం రాసి, తడిసిన భాగం ఫోటో జతచేసి ఇమ్మని పట్టుబట్టాలి. రాతలో పెట్టమనేసరికి చాలామంది స్వరం మారుతుంది.

మన జాగ్రత్తలు మనకూ ఉండాలి. బిల్లు, వారంటీ కార్డు భద్రపరచాలి. ఆగిపోయిన ప్రతిసారీ తేదీ, సమయం రాసి, తెర ఫోటో తీయాలి. వారంటీ గడువులోపే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. యంత్రం అప్పగించినప్పుడల్లా జాబ్ షీటు తీసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ముందుగా ఫైళ్లు వేరే డిస్కులోకి తీసుకుని, బాధితుల పేర్లు, చిరునామాలు అందులో లేకుండా చేయాలి. వాళ్ల రహస్యం కాపాడటం మన బాధ్యత.

ఇక చట్టం. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చింది. 2020 జులై 20న అమల్లోకి వచ్చింది. పాత ఫోరంను ఇప్పుడు జిల్లా కమిషన్ అంటున్నాం. కంపెనీ ఏ నగరంలో ఉన్నా, మనం నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాల గడువు ఉంది. అమ్మిన దుకాణాన్నీ, తయారుచేసిన కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. లేకపోతే ఒకరి మీద ఒకరు నెట్టేసుకుంటారు. లోపం తేల్చడానికి వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. లోపం రుజువైతే బాగుచేయమని, కొత్తది ఇమ్మని, డబ్బు వాపసు చేయమని, నష్టపరిహారం చెల్లించమని ఆదేశించవచ్చు.

"మీది సంస్థ, వినియోగదారు కాదు" అంటే బెదరకండి. రిజిస్టరైన సొసైటీలు కూడా చట్టం చెప్పే "వ్యక్తి" నిర్వచనంలోకి వస్తాయి. లాభం కోసం కాక సేవ కోసం కొన్నామని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి.

ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ పరిష్కారం కాకపోతే నోటీసు ఇచ్చి, కమిషన్ మెట్లెక్కండి. ఒంటరిగా కాదు, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. కౌంటరు దగ్గర తలవంచకుండా కాగితం అడగడం ఒక్కరు నేర్చుకుంటే, రేపు మిక్సీ కొన్న ఇల్లాలికీ, కుట్టుమిషను కొన్న కార్మికురాలికీ అదే నేర్పగలుగుతారు.