మెట్టుగూడ నుంచి పల్లానికి

సికింద్రాబాద్ మెట్టుగూడలో నిలబడి సముద్రం గురించి మాట్లాడటం కాస్త వింతగానే ఉంటుంది. సముద్ర మట్టానికి ఐదు వందల మీటర్లకు పైన ఉన్న రాతినేల ఇది. ఇక్కడి నుంచి బందరు తీరానికి సుమారు 340 కిలోమీటర్లు దిగాలి. అయినా ఈ పేటకు కోస్తాతో చుట్టరికం తక్కువేమీ కాదు. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. బెజవాడ డివిజను దశాబ్దాల పాటు దాని కిందే నడిచింది. బదిలీల మీద, బతుకుతెరువు మీద కోస్తా జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు ఈ రైల్వే క్వార్టర్లలో, లాలాగూడ సందుల్లో స్థిరపడ్డాయి. వాళ్లకు కోస్తా అంటే రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుని, తెల్లారేసరికి రాజమండ్రిలోనో సామర్లకోటలోనో లేవడం. చీకట్లో నిద్రలో దాటేసే ఊళ్లన్నమాట. ఈ పూట నేను పరిచయం చేయబోయేది ఆ రైలు వెళ్లని దారిని. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా, గోదావరి, కృష్ణా డెల్టాల అంచు కుట్టినట్టుగా సాగే 216వ నంబరు జాతీయ రహదారి అది. పొడవు సుమారు 390 కిలోమీటర్లు. దీన్ని చూడాలంటే పడకను వెంట తీసుకెళ్లక తప్పదని నా వాదన.

ముందు ఈ అంచు మన కంటికి ఎందుకు పడలేదో చెప్పుకోవాలి. గోదావరి ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలిపోతుంది. కృష్ణ కూడా సముద్రానికి చేరువలో చీలి దివిసీమను ఒళ్లో పెట్టుకుంటుంది. ఆర్థర్ కాటన్ 1852 నాటికి గోదావరికి ఆనకట్ట కట్టించింది పాయలు విడిపోయే చోటే. రైలు వంతెన కట్టేవాళ్ల లెక్కా ఇంచుమించు అదే. కింద ఒక్కో పాయకూ ఒక్కో వంతెన వేయడం కంటే, నది ఒక్కటిగా ఉన్న చోట ఒకసారి దాటేస్తే ఖర్చు తక్కువ. అందుకే మద్రాసు-హౌరా రైలుమార్గం బెజవాడ దగ్గర కృష్ణను, రాజమండ్రి దగ్గర గోదావరిని దాటింది. పెద్ద రహదారీ దాని పక్కనే నడిచింది. డెల్టా తల మీదుగా లోకమంతా వెళ్లిపోయింది, పాదాల దగ్గరున్న ఊళ్లు పక్కకు మిగిలాయి. కోనసీమ నడిబొడ్డున ఉన్న అమలాపురానికి ఇంకా రైలు రాలేదంటే కారణం ఈ పాయలే. 216 రోడ్డు మాత్రం కాటన్ తప్పించుకున్న పాయలన్నిటినీ ఒక్కొక్కటిగా దాటుతుంది. యానాం దగ్గర గౌతమి, చించినాడ దగ్గర వశిష్ఠ, పులిగడ్డ దగ్గర కృష్ణ. ఈ వంతెనలు లేచేదాకా ఇది ఒక దారే కాదు, రేవు దగ్గర తెగి అవతలి గట్టున మళ్లీ మొదలయ్యే ముక్కలు.

సముద్రం ఒడ్డునే సాగే రోడ్డు కదా, కిటికీలోంచి చూసుకుంటూ వెళ్లవచ్చు అనుకునేవారికి ఇక్కడ నిరాశే. 216 మీద ఎంత దూరం వెళ్లినా సముద్రం దాదాపు కనబడదు. రోడ్డుకూ అలకూ మధ్య వరిచేలు, రొయ్యల చెరువులు, సరుగుడు తోటలు, ఉప్పుటేర్లు, బురద. సముద్రాన్ని చూడాలంటే ప్రతిచోటా పక్కదారి పట్టాలి. బాపట్ల నుంచి సూర్యలంక, చీరాల నుంచి వాడరేవు, బందరు నుంచి మంగినపూడి, మోపిదేవి దాటి కోడూరు మీదుగా హంసలదీవి. వీటిలో కొన్ని పదేసి కిలోమీటర్ల లోపు, హంసలదీవి పాతిక కిలోమీటర్లు దాటి. వెళ్లిన దారినే తిరిగి రావాలి. విశాఖ నుంచి భీమిలి దాకా పాతిక కిలోమీటర్లకు పైగా సముద్రం పక్కనే ఉంటుంది కదా, అటే వెళితే పోలా అని ఎవరైనా అడగవచ్చు. వెళ్లండి, అందమైన రోడ్డే. కానీ దానికి గంట చాలు, సిటీ బస్సు చాలు. నెమ్మదిగా తిరగాల్సిన అవసరం తీరం తనను తాను దాచుకున్న చోటే వస్తుంది.

పైగా ఈ పక్కదారుల చివర ఉన్న ప్రతిదానికీ ఒక వేళ ఉంది. చేపల పడవలు తెల్లవారుజామున ఒడ్డుకొస్తాయి. వేలంపాట ముగిసి గంపలు కదిలాక రేవులో మిగిలేది పొలుసులూ కాకులే. ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలం చివర రాత్రిపూట ఇసుకలోకి పాకి గుడ్లు పెట్టిపోతాయి. పోటు ఎక్కినప్పుడు నిండుగా ఉన్న ఉప్పుటేరు ఆటుకు దిగి బురద చాలుగా మిగులుతుంది. బందరు దగ్గరి పెడన సంగతే చూడండి. కలంకారీ బట్టను ముందు కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెడతారు. టేకు చెక్కలో చెక్కిన అచ్చుతో దాని మీద అద్దుతారు. నలుపు గీతకు తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లు. ఎరుపు రావలసిన చోట పటిక. అద్దినప్పుడు ఆ పటిక మరక వెలవెలబోతూ ఉంటుంది, ఎరుపు ఎక్కడా కనబడదు. పారే నీళ్లలో ఉతికి, పెద్ద రాగి పాత్రలో రంగుచెక్క వేసి ఉడికించాకే అది ఎర్రగా పైకొస్తుంది. ఒక పూట వెళ్లినవాడికి అద్దకం కనబడుతుంది, రంగు కనబడదు. మర్నాడూ అక్కడే ఉండాలి. బెజవాడలో లాడ్జి గది తీసుకున్న మనిషి ఏం చేస్తాడు? పొద్దున బయల్దేరి మిట్టమధ్యాహ్నానికి సూర్యలంక చేరతాడు. ఆ వేళ అక్కడ ఎండ తప్ప ఏమీ జరగదు. చీకటి పడేలోపు గదికి చేరాలన్న ఆరాటంతో వెనక్కి తిరుగుతాడు. కోస్తాలో చూడ్డానికి ఏముందండీ, ఉక్కపోత తప్ప, అనే మాట ఇలాంటి ప్రయాణాల్లోంచే పుట్టిందని నా అనుమానం.

అందుకే చక్రాల మీద గది. క్యారవాన్ అనగానే మనవాళ్లకు షూటింగులో సినిమా తారలు మేకప్పు వేసుకునే బండి గుర్తొస్తుంది. కేరళ ప్రభుత్వం 2021లో క్యారవాన్ పర్యాటకానికి ఒక విధానం ప్రకటించినప్పుడు కూడా చాలామంది దాన్ని దొరల సరదాగానే చూశారు. కానీ ఈ ఊహ మనకు కొత్తేమీ కాదు. దీనికి తెలుగులో బిడారు అనే మాట ఉంది. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే బియ్యం, గింజలు, ఉప్పు మోసుకెళ్లే ఎద్దుల బిడార్ల గురించి రాశాడు. ఒక్కో బిడారులో పది, పన్నెండు వేల ఎద్దులట. ఇరుకు దారిలో అలాంటిది ఎదురైతే అది దాటిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. హైదరాబాద్‌లో కార్వాన్ అనే పేట పేరు అలాంటి వర్తక బిడార్ల జ్ఞాపకమే. కోస్తా ఉప్పును దక్కను మెట్టకు ఎక్కించింది ప్రధానంగా లంబాడీలు. ఇప్పుడు ఊరిని చెప్పే తండా అన్న మాట ఒకప్పుడు నడిచే బిడారుకే పేరు. ఆలుబిడ్డలతో, వంటసామానుతో, ఎద్దు నడక వేగంతో సాగిన ఇల్లది. ఇక డెల్టాలోకి దిగితే కాలవల్లో రహదారీ పడవలు. గట్టు మీద మనుషులు గుణం పట్టి లాగుతుంటే రాత్రంతా పడవలో పడుకుని వెళ్లేవారు. పాలగుమ్మి పద్మరాజు కథ ‘పడవ ప్రయాణం’ అంతా అలాంటి ఒక రాత్రి మీదే నడుస్తుంది. అంతెందుకు, మెట్టుగూడ వాళ్లకు నేను వేరే చెప్పాలా? తనిఖీకి వెళ్లే అధికారి పడుకుని, వండించుకుని తినే సెలూన్ పెట్టె ఏమిటి? పట్టాల పనికి వెళ్లిన సిబ్బంది నెలల తరబడి సైడింగులో కాపురముండే క్యాంప్ కోచ్ ఏమిటి? ఆ పెట్టెల బాగుచేత తెలిసిన పేటకు క్యారవాన్ వింత వస్తువేమీ కాదు.

ఖర్చు మాటేమిటి అనే ప్రశ్న న్యాయమైనదే. వంటగది, స్నానాలగది, పడకలు ఉన్న పూర్తి స్థాయి బండి రోజు అద్దె మధ్యతరగతి ఇంటికి బరువే, అందులో దాపరికం ఏమీ లేదు. కానీ నా వాదనకు కావలసింది పడక ఒక్కటే, ఏసీ కాదు. రెండు కుటుంబాలు కలిసి ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని, వెనక సీట్లు తీయించి పరుపులు వేసుకుని, గ్యాస్ పొయ్యికి బదులు దారిలోని మెస్సుల మీద ఆధారపడినా పని జరుగుతుంది. పెద్ద బండి కంటే అదే మేలు కూడా. 216 ఇప్పుడు బాగానే ఉంది గానీ, దాని నుంచి చీలే ఊరి దారులు చెరువుగట్ల మీదుగా వెళతాయి. ఎదురుగా రొయ్యల లారీ వస్తే ఎవరో ఒకరు వెనక్కి నడపాల్సిందే.

వాతావరణం విషయంలో మాత్రం అభ్యంతరం చెప్పేవాళ్లదే పైచేయి. 1839లో కోరంగిని, 1864లో బందరును, 1977లో దివిసీమను ఊడ్చేసిన ఉప్పెనలు మూడూ నవంబరులోనే వచ్చాయి. దివిసీమ ఉప్పెన అధికారిక లెక్కల్లోనే పదివేల ప్రాణాలు తీసింది. కాబట్టి అక్టోబరు, నవంబరుల్లో సముద్రం పక్కన బండిలో పడుకోవడం ధైర్యం అనిపించుకోదు. వేసవిలో రేకుబండి కుంపటవుతుంది. మిగిలేది డిసెంబరు నడుమ నుంచి ఫిబ్రవరి చివర దాకా, అంటే రెండున్నర నెలలు. అందులోనూ సంక్రాంతి వారం రోడ్డంతా సొంతూళ్లకు వెళ్లేవాళ్లది. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి ముందూ వెనకా అంతర్వేది కల్యాణోత్సవాలు, ఆ రోజుల్లో అటు బండి తిప్పకపోవడమే మంచిది.

నాకు జవాబు సులువుగా తోచని అభ్యంతరం ఇంకోటి ఉంది. నాలుగు బండ్లు వచ్చి ఒక చేపలపల్లె పక్కన ఆగితే వాటి మురుగునీరు ఎక్కడికి పోతుంది? వాటి దీపాలు తాబేలు పిల్లలకు దారి తప్పించవా? గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుగున్న వైపే పాకుతుంది. సముద్రం మీది వెలుతురును నమ్ముకున్న ఆ ప్రాణి బండి దీపాన్ని చూసి ఒడ్డు వైపు తిరిగితే తెల్లారేసరికి కుక్కల పాలు. వల ఆరేసుకునే చోట పరాయివాడు కుర్చీ వేసుకు కూర్చుంటే జాలరికి ఎలా ఉంటుంది? ఈ తీరంలోనే దీనికి ఒక పాత ఆధారం దొరుకుతుంది. చీరాల దగ్గరి మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అభయశాసనం వేయించాడు. గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును గుంజుకునే పాత అలవాటును మాన్పించి, సుంకాన్ని ముప్పయ్యో వంతుకు కట్టడి చేశాడు. ఆ తరవాత కొన్ని దశాబ్దాలకు మార్కో పోలో తన యాత్రలో రాసిన ముత్ఫిలి ఈ రేవే. ఆ శాసనంలో ఒక బేరం ఉంది: వచ్చేవాడికి భద్రత, ఆగినందుకు ఊరికి సుంకం. క్యారవాన్లకూ ఆ బేరమే కావాలి. ఎక్కడబడితే అక్కడ ఇసుక మీద ఆపడం నిషేధించి, పంచాయతీయో గుడి సత్రమో ఊరికి ఇవతల ఒక చోటు చూపించి, నీళ్ల కొళాయి, మురుగు తొట్టి, కాపలా ఏర్పాటు చేసి, రాత్రికింత అని రుసుము పుచ్చుకుంటే అది పర్యాటకం. అవి లేనంతవరకు వెళ్లేవాళ్లు మితంగా వెళ్లాలి, గుడి దగ్గరో పెట్రోలు బంకు దగ్గరో అడిగి ఆపుకోవాలి, ఇసుక వైపు దీపం ఆర్పేయాలి.

ఇక దారి. మెట్టుగూడ నుంచి ఉప్పల్, ఎల్బీనగర్ మీదుగా 65వ నంబరు రహదారి పట్టుకుంటే అది బెజవాడ దాటి తిన్నగా బందరులో ఆగుతుంది. గోల్కొండ సరుకు ఓడ ఎక్కడానికి దిగిన దారి ఇంచుమించు ఇదే. ఇంగ్లీషువాళ్లు 1611లో కోఠీ పెట్టింది ఆ బందరులోనే. అక్కడ 65వ నంబరు రోడ్డు 216ను కలుస్తుంది. సముద్రం వైపు ముఖం పెట్టి నిలబడితే కుడిచేతి వైపు దివిసీమ, రేపల్లె, బాపట్ల, వేటపాలెం, చినగంజాం. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది, పాత పత్రికలు తిరగేసే అలవాటున్నవాళ్లు అక్కడొక రోజు కేటాయించుకోవాలి. చినగంజాంలో ఉప్పు మడులు. జనవరి దాటాక వెళితే మడిలో నీరు చిక్కబడి, అంచున తెల్లటి పొర కట్టడం కనిపిస్తుంది. అయిదు రోజులే సెలవు దొరికినవాళ్లు కుడికి తిరగండి.

పదిరోజులుంటే ఎడమకు. పెడన, కృత్తివెన్ను, మొగల్తూరు దాటి నరసాపురం. కృత్తివెన్ను దగ్గర రాత్రి ఆగితే రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు నీళ్లను చిలికే చప్పుడు తెల్లవార్లూ వినబడుతుంది. మొదట అది నిద్ర పట్టనివ్వదు, రెండో రాత్రి అది ఆగితే మెలకువ వస్తుంది. నరసాపురంలో వశిష్ఠ దాటడానికి ఇంకా పంటు నడుస్తోంది. బైకులు, ఆటోలు, కార్లు, చేపల గంపలు, బడిపిల్లలు అన్నీ ఒకే బల్ల మీద ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగుతాయి. అక్కడి నుంచి అంతర్వేది దగ్గరే. మీ బండి చిన్నదైతే పంటు మీదే దాటండి, చీకటి పడకముందే రేవుకు చేరండి. పెద్దదైతే పంటువాళ్లు ఎక్కించుకోరు. వెనక్కి తిరిగి చించినాడ వంతెన మీదుగా చుట్టి రావాలి, దానికి ఒక పూట వేరే పెట్టుకోండి.