రెండు భాషల్లో ఒక డిగ్రీ: జర్మనీలో సమాచార నిర్వహణ చదువు



కోలారు జిల్లాలో రైతు తన పొలం వివరాలున్న కాగితాన్ని పహణి అంటాడు. హద్దు దాటి కృష్ణగిరి వైపు వస్తే అదే పనికి చిట్టా, అడంగలు అడుగుతారు. షోలాపురంలో స్థిరపడిన మన పద్మశాలీలు సాత్‌బారా అంటారు. యానాంలో పాతకాలపు దస్తావేజులు ఫ్రెంచి భాషలో ఉంటాయి. కాగితం పేరు మారినట్టే మనిషి పేరూ మారుతుంది. బడి సర్టిఫికెట్టులో ఇంటిపేరు వెనక వస్తుంది, రేషను కార్డులో ముందు వస్తుంది, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే లేకుండా ఊరిపేరు మొదటి అక్షరం ఉంటుంది. బల్ల అవతల గుమాస్తా మూడు కాగితాలూ తిరగేసి, "ఈ ముగ్గురూ ఒక్కరేనా?" అంటాడు. సరిహద్దు జిల్లాల్లో ఈ ప్రశ్న వినని ఇల్లు అరుదు.

ఆ ప్రశ్నకు కంప్యూటరు చేత సరైన జవాబు చెప్పించడం ఎలాగన్నది, ఈనాటి ప్రసంగానికి తీసుకున్న చదువులో ఒక భాగం. దాన్ని సమాచార నిర్వహణ అంటున్నారు. సమాచారాన్ని పోగుచేయడం, వరుసలో పెట్టడం, కావలసినవారికి కావలసిన వేళకు దొరికేలా చేయడం, సంబంధంలేనివారికి దొరక్కుండా కాపాడడం, ఇంతే ఇందులో ఉన్నది. నేను ఒక సరిహద్దు పట్టణంలో కాలేజీ గ్రంథాలయాన్ని చాలా ఏళ్లు చూసుకున్నాను. పుస్తకాలకు నెంబర్లు వేసి బీరువాల్లో సర్దిన పనికి ఇప్పుడు ఇంత పెద్ద పేరు వచ్చిందా అని మొదట నవ్వుకున్నవాణ్ణే. పాఠ్యాంశాలు చదివాక నవ్వడం మానేశాను.

జర్మనీలో ఈ చదువు ఒక్కో ఊళ్లో ఒక్కో మూలం నుంచి పెరిగింది. రైను నది, మోజెల్ నది కలిసేచోట కోబ్లెంజ్ అనే పట్టణం ఉంది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఇది కంప్యూటరు శాస్త్రం, వ్యాపార నిర్వహణ కలిసిన చోట పెరిగింది. హిల్డెస్‌హైమ్‌లో భాషా శాస్త్రం, అనువాదం, భిన్న సంస్కృతుల మధ్య సంభాషణ వీటితో జత కలిసి, అంతర్జాతీయ సమాచార నిర్వహణ అనే పేరుతో నడుస్తోంది. దానికి ముప్పయి కిలోమీటర్ల దూరంలో ఉన్న హన్నోవరులో ఈ చదువుకు గ్రంథాలయ విద్యతో చుట్టరికం ఎక్కువ. ఆ హన్నోవరు ప్రభువుల గ్రంథాలయాన్ని 1676 నుంచి చూసుకున్నవాడు లైబ్నిట్స్. సున్న, ఒకటి అనే రెండే అంకెలతో ఏ లెక్కయినా చేయవచ్చునని 1703లో వ్యాసం ప్రచురించిన మహానుభావుడు ఆయనే. గ్రంథపాలకుణ్ణి గనక ఆ ఒక్క మాట చెప్పుకోకుండా ఉండలేకపోయాను.

కాబట్టి పేరు ఒకటే కదా అని ఏ విశ్వవిద్యాలయానికి పడితే ఆ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టకండి. ఏ పాఠాలు చెబుతున్నారో, ఏ పాఠం ఏ భాషలో చెబుతున్నారో చూడండి. ఈ రెండో మాట కోసమే ఈరోజు మీ ముందుకు వచ్చాను.

2022-23 విద్యా సంవత్సరంలో జర్మనీలో చదివే విదేశీ విద్యార్థుల సంఖ్యలో మనవాళ్లు చైనావారిని దాటి మొదటి స్థానానికి వచ్చారు. వెళ్లేవారు పెరిగితే పంపించేవారూ పెరుగుతారు. మా పట్టణంలో ఒక అబ్బాయికి ఏజెంటు ఒకాయన, "కోర్సు ఇంగ్లీషులోనే, జర్మను వచ్చినా రాకపోయినా ఒకటే" అని చెప్పాడు. ప్రవేశపత్రం నాకు చూపించారు, అబ్బాయి వెళ్లిపోయాక. బోధనా భాష అన్న చోట జర్మను, ఇంగ్లీషు అని రెండూ అచ్చువేసి ఉన్నాయి. ఆ ఒక్క వరుస ఇంట్లో ఎవరూ చదవలేదు. మొదటి ఆరునెలల్లో ఇంగ్లీషు పాఠాలు గట్టెక్కాయి. జర్మనులో చెప్పే పాఠం ఒకటి తప్పనిసరి. అందులో తప్పాడు, మళ్లీ రాశాడు, మళ్లీ తప్పాడు. అక్కడ చాలా చోట్ల ఒక పరీక్షను రెండు మూడుసార్లకు మించి రాయనివ్వరు. ఆఖరిసారీ తప్పితే ఆ చదువు అంతటితో సరి. ఇక్కడిలాగా సప్లిమెంటరీలు రాసుకుంటూ కూర్చునే వీలు లేదు. అబ్బాయి తిరిగి వచ్చేశాడు. వాళ్ల నాన్న తాకట్టు పెట్టిన మామిడితోట కాగితాలు మాత్రం ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

రెండు భాషల డిగ్రీ అంటే ఇంగ్లీషు డిగ్రీకి కాస్త జర్మను తాలింపు పెట్టడం అనుకుంటున్నారు మనవాళ్లు. ఈ చదువులో భాష ఎంత లోపలిదో రెండు మూడు ఉదాహరణలతో చెబుతాను.

జర్మను లిపిలో కొన్ని అక్షరాల నెత్తిన రెండు చుక్కలుంటాయి. మ్యూలర్ అనే ఇంటిపేరులో యు అక్షరం మీద ఉన్నట్టు. ఆ పేరును అకారాది వరుసలో ఎక్కడ పెట్టాలి? వాళ్ల జాతీయ ప్రమాణం, దాని సంఖ్య 5007, రెండు పద్ధతులను చెబుతుంది. నిఘంటువులోనైతే చుక్కలు లేనట్టే లెక్క. మనుషుల పేర్ల జాబితాలోనైతే యు పక్కన ఇ ఉన్నట్టు లెక్క. ఈ సంగతి తెలియకుండా ఇంగ్లీషు పద్ధతిలో వెతికితే మనిషి జాబితాలో ఉండి కూడా దొరకడు. మన గుమాస్తా ప్రశ్నే, వేషం మారింది. అంకెలూ అంతే. మనం వెయ్యిన్ని అయిదువందలు రాసేటప్పుడు ఒకటి తరువాత కామా పెడతాం, వాళ్లు చుక్క పెడతారు. దశాంశానికి మనం చుక్క పెడతాం, వాళ్లు కామా పెడతారు. రెండు దేశాల ఖాతాలు చూడకుండా కలిపేస్తే ఒకటిన్నర టన్ను కాస్తా పదిహేనువందల టన్నులైపోతుంది.

ఇంకొకటి. మనుషుల వ్యక్తిగత వివరాలను కాపాడే చట్టం ప్రపంచంలో మొట్టమొదట వచ్చింది జర్మనీలోని హెస్సె రాష్ట్రంలో, 1970లో. 1983లో జనాభా లెక్కల మీద అక్కడ పెద్ద వివాదం నడిచింది. తన వివరాలు ఎవరికి ఎంతవరకు చెప్పాలో నిర్ణయించుకునే హక్కు మనిషికి ఉందని ఆ ఏడాది డిసెంబరు 15న రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. 2018 మే 25 నుంచి ఐరోపా సమాఖ్య మొత్తానికీ ఒకే చట్టం అమలులోకి వచ్చింది. దాని 15వ అధికరణం ప్రకారం, నా గురించి మీ దగ్గర ఏమేమి వివరాలున్నాయని ఏ సంస్థనైనా అడగవచ్చు. ఈ హక్కుకు ఇంగ్లీషు ప్రతిలో వాడిన మాట యాక్సెస్, అంటే లోపలికి వెళ్లి చూసుకునే వీలు. జర్మను ప్రతిలో వాడిన మాట ఆవుస్‌కున్‌ఫ్ట్, అంటే అడిగినదానికి చెప్పే సమాధానం. ఒకదానిలో తలుపు తెరుస్తున్నారు, రెండోదానిలో ఎదురుగా నిలబడి జవాబు చెబుతున్నారు. ఐరోపా చట్టాల్లో అన్ని భాషల ప్రతులకూ సమాన విలువ. తగువు వస్తే రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒక్క భాషే వచ్చినవాడు ఈ పని సగమే చేయగలడు. మన దేశంలోనూ 2023లో ఇటువంటి చట్టం చేసుకున్నాం గనక, ఈ చదువు అక్కడికే పరిమితం అనుకోనక్కరలేదు.

బెంగళూరు, హైదరాబాదు కంపెనీల్లో శాప్ అనే సాఫ్ట్‌వేరు మీద పనిచేసే మన పిల్లలు వేలమంది. అయిదుగురు ఇంజనీర్లు 1972లో జర్మనీలో స్థాపించిన సంస్థ అది. ఆ సాఫ్ట్‌వేరు లోపలి పట్టికల్లో బి, యు, కె, ఆర్, ఎస్ అనే గళ్లను మనవాళ్లు రోజూ చూస్తుంటారు. అది బూఖుంగ్స్‌క్రైస్ అనే జర్మను మాటకు పొడి అక్షరాల రూపం. ఒక్కో కంపెనీ లెక్కలు విడిగా రాసుకునే పరిధి అని అర్థం. అర్థం తెలియకపోయినా పని నడుస్తుంది, మంత్రం బట్టీపట్టినట్టు. తెలిస్తే పట్టిక అంతా ఒక్కసారి విప్పుకుంటుంది.

ఇక చింతామణి వైపు ఒక అమ్మాయి సంగతి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బీకాం ఇంగ్లీషులో. తనూ రెండు భాషల కోర్సుకే వెళ్లింది, బెంగళూరులో ఏడాదిన్నర జర్మను నేర్చుకున్నాకనే. అయినా మొదటి నెల క్లాసులో సగం మాటలు అందలేదట. సెలవులకు వచ్చినప్పుడు గ్రంథాలయానికి వచ్చి కూర్చుంది. "ఒకటో తరగతిలో కన్నడం టీచరు ముందు ఎలా కూర్చున్నానో అలాగే కూర్చున్నాను సార్. అప్పుడు రెండు నెలలు నోరు తెరవలేదు, విన్నాను. ఇక్కడా అదే చేశాను" అంది. ఆమె నోటుపుస్తకం చూశాను. పేజీకి మూడు గళ్లు. మొదటిదానిలో జర్మను మాట, రెండోదానిలో ఇంగ్లీషు మాట, మూడోదానిలో తెలుగులోనో కన్నడంలోనో తనకు తోచిన వివరణ. కొన్ని మూడో గళ్లు ఖాళీగా ఉన్నాయి. కొన్నిచోట్ల మాత్రం ఇంగ్లీషు గడి ఖాళీగా ఉండి తెలుగు గడి నిండి ఉంది. జర్మను వాక్యంలో చాలాసార్లు క్రియ చివరికి పోతుంది, మన వాక్యంలాగే. మాటకు మాట అతికించి మూరెడు సమాసం చేయడం కూడా మనకు కొత్త కాదు. ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరగకుండా తెలుగులోంచి నేరుగా పట్టుకోగలిగిన చోట్ల ఆమె అలాగే పట్టుకుంది. రెండో ఆరునెలల్లో అన్ని పాఠాలూ గట్టెక్కాయి. మార్కులు మరీ గొప్పవేం కావు. అక్కడ 1 అంటే అత్యుత్తమం, 4 దాటితే తప్పినట్టు. ఈ అమ్మాయికి 2.7 వచ్చింది. ఆ అంకె చూసి వాళ్లమ్మ కంగారుపడితే తిరగేసి చెప్పాల్సివచ్చింది.

ఎంత జర్మను కావాలని అడుగుతారు. ఐరోపా కొలమానంలో ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లు. జర్మనులో పాఠాలున్న డిగ్రీకి సాధారణంగా బీ2, చాలాచోట్ల సీ1 అడుగుతారు. బీ2 చేరడానికి 45 నిమిషాల పాఠాలు 600 నుంచి 800 వరకు పడతాయని గొథె సంస్థ లెక్క. రోజుకు రెండు పాఠాల చొప్పున ఆదివారాలు కూడా మానకుండా చదివినా ఏడాది. మూడు నెలల్లో అయిపోతుందని చెప్పేవారి దగ్గర డబ్బు కట్టకండి. గొథె కేంద్రాలు బెంగళూరు, చెన్నై, పుణె, ముంబయి నగరాల్లో మాక్స్ ముల్లర్ భవన్ పేరుతో ఉన్నాయి, హైదరాబాదులోనూ ఒక కేంద్రం ఉంది.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువచోట్ల బోధనా రుసుము లేదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం 2017లో మనబోటి విదేశీయుల దగ్గర ఆరునెలలకు 1500 యూరోలు వసూలు చేయడం మొదలుపెట్టింది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024లో తనూ రుసుము పెట్టింది. రుసుము లేకపోయినా, వీసాకు ముందే ఏడాది ఖర్చు స్తంభింపజేసిన ఖాతాలో చూపించాలి. నెలనెలా ఇంత అని మాత్రమే అందులోంచి తీసుకోనిస్తారు. 2024 సెప్టెంబరులో ఆ మొత్తాన్ని 11,904 యూరోలు చేశారు. యూరోకు వంద రూపాయలు వేసుకుంటే దాదాపు 12 లక్షలు. చదువుకుంటూ ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయవచ్చునని 2024 మార్చిలో నిబంధన సడలించారు. ఆ పని దొరికేదీ జర్మను వచ్చినవారికే ముందు.

2022 నవంబరు నుంచి మన విద్యార్థుల సర్టిఫికెట్లన్నీ ఏపీఎస్ అనే విభాగం పరిశీలించి ధ్రువపత్రం ఇచ్చాకే వీసా దరఖాస్తు. ఇక్కడ మళ్లీ మన పేర్ల గొడవ వచ్చిపడుతుంది. జర్మను ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి, సొంతపేరుకు ఒక గడి. మన పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీ, కొందరికి అందులో తండ్రిపేరు. చింతామణి అమ్మాయికి విశ్వవిద్యాలయం గుర్తింపు కార్డు మీద తండ్రిపేరు ఇంటిపేరైపోయింది, మొదటి నెలంతా అందరూ ఆమెను ఆయన పేరుతోనే పిలిచారు. కనుక ఎస్సెస్సెల్సీ మార్కుల జాబితా, డిగ్రీ పట్టా, పాస్‌పోర్టు మూడూ ఈ సాయంత్రమే తీసి ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోండి. తేడా ఉంటే దిద్దించుకోవడానికి నెలలు పడుతుంది, దరఖాస్తు గడువు దాకా ఆగకండి. చలికాలపు సెమిస్టరు అక్టోబరులో మొదలవుతుంది, దరఖాస్తులకు చాలాచోట్ల జూలై 15 ఆఖరు, విదేశీయులకు కొన్నిచోట్ల ఇంకా ముందే. ఇంకా ఏ1 పుస్తకం కొననివారు ఈ అక్టోబరు వదిలేసి, పై అక్టోబరుకు లెక్క వేసుకోండి.