హెచ్. జి. వెల్సు: కథ చెప్పి హెచ్చరించినవాడు



ఈ సాయంకాలము మీతో నొక ఆంగ్ల కథకుని గూర్చి ముచ్చటింపదలచితిని. ఆయన పేరు హెర్బర్టు జార్జి వెల్సు. లోకము హెచ్. జి. వెల్సు అని పిలుచును. ఆయన వ్రాసినవి జరిగిన కథలు కావు. పెక్కు జరుగుటకు వీలులేని కథలు. అట్టివాని గూర్చి పెద్దలకు చెప్పవలసిన పని యేమున్నదని మీ రడుగవచ్చును. ఆ కారణము ముందుగా మనవి చేసెదను.

నేను చాల యేండ్లు పల్లెటూరి పాఠశాలలో ఉపాధ్యాయుడనుగా నుంటిని. ఒకనాడొక రైతు తన కుమారుని వెంటబెట్టుకొని నాయొద్దకు వచ్చెను. "పంతులుగారూ, వీడు పొలానికి రాడు, లెక్కలు చెయ్యడు, ఎప్పుడు చూచినా కథల పుస్తకమే. పట్నంలో మా బావమరిది బట్టల కొట్లో పెట్టేదా?" అని యడిగెను. నేను క్షణమైన నాలోచింపక, "పెట్టవయ్యా, బాగుపడతాడు" అంటిని. ఆ బాలుడు మాటాడక నావంక చూచెను. కొంతకాలమునకు వెల్సు 1934లో ప్రకటించిన స్వీయచరిత్రము నాకు చదువ దొరకెను. అందు మొదటి భాగమంతయు కథల పుస్తకములు చదువు బాలు నొకనిని బట్టల కొట్టులో పెట్టిన కథయే. అది చదివిన రాత్రి నాకు నిదుర పట్టలేదు.

వెల్సు 1866వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన, ఇంగ్లండు దేశములో లండను నగరమునకు చేరువనున్న బ్రామ్లీ యను నూర జన్మించెను. తండ్రి జోసెఫు పింగాణి సామానుల దుకాణము నడుపుచుండెను. అందు బేరములు తక్కువ. ఆయన క్రికెట్టు ఆటలో నేర్పరి. జీతము పుచ్చుకొని ఆడి, బంతి వేసి కొంత సంపాదించెడివాడు. తల్లి సారా పెండ్లికి పూర్వ మొక గొప్పయింట దొరసానికి పరిచారికగా నుండెను. వారి వంటయిల్లు నేలమాళిగలో నుండెను. అచ్చట కూర్చుండి పైకి చూచిన, వీధిని పోవువారి చెప్పుల యడుగులు మాత్రమే కనబడెడివట.

1874లో ఆ బాలునికి కాలు విఱిగెను. మంచముపై నుండగా తండ్రి గ్రంథాలయమునుండి పుస్తకములు తెచ్చి యిచ్చుచుండెను. పిల్లవాడు వానిని వరుసగా మ్రింగెను. ఆ కాలు విఱుగుట తన యదృష్టమని ఆయన పెద్దవాడైన పిమ్మట తలచెను. మూడేండ్లకు, 1877లో, తండ్రియు పడి కాలు విఱుగగొట్టుకొనెను. క్రికెట్టు సంపాదన పోయెను. 1880లో తల్లి సస్సెక్సు మండలమునందలి అప్‌పార్కు అను పూర్వపు భవనమునకే మఱల గృహనిర్వాహకురాలిగా పోయెను. కుటుంబము చెదరెను.

బట్టల వర్తకము మర్యాదైన వృత్తి యని ఆ తల్లి నమ్మకము. ఇద్దరు పెద్దకొడుకులను అందే పెట్టెను. మూడవవానిని గూడ పెట్టెను. మొదటి కొట్టువారు వీడు పనికిరాడని పంపివేసిరి. 1881లో సౌత్‌సీ యను సముద్రతీరపు పట్టణములో మఱొక కొట్టున ఉమేదువారుగా చేర్చిరి. దినమునకు 13 గంటల పని. రాత్రి తక్కిన కుఱ్ఱవాండ్రతో కూడ ఒకే గదిలో పడక. బట్టలు మడుచుట, విప్పుట, మఱల మడుచుట. రెండేండ్లు ఇట్లు గడచెను. ఒక ఆదివారము తెల్లవారుజామున బాలుడు లేచి, 17 మైళ్లు కాలినడకను తల్లియొద్దకు పోయి, ఆ కొట్టులో నుండుటకంటె చావు మేలని మొఱపెట్టుకొనెను. ముందుగా కట్టిన సొమ్ము పోవునని యెఱిగియు ఆమె తుదకు అంగీకరించెను.

ఇచ్చట నొక ఉపాధ్యాయుని పేరు చెప్పకున్న నా వృత్తికి ద్రోహము చేసినవాడనగుదును. మిడ్‌హర్స్టు పాఠశాల ప్రధానోపాధ్యాయుడు హొరేసు బయటు ఆ బాలుని తెలివి యెఱిగి, 1883లో తన బడిలో చిన్న ఉపాధ్యాయునిగా చేర్చుకొనెను. పగలు పాఠము చెప్పుట, రాత్రి పరీక్షలకు చదువుట. ఏడాది తిరుగునప్పటికి ఆ బట్టల కొట్టు కుఱ్ఱవానికి లండనులోని శాస్త్ర విద్యాలయమున ప్రవేశమును, వారమునకొక గినీ, అనగా 21 షిల్లింగుల వేతనమును లభించెను. అచ్చట జీవశాస్త్రము బోధించినవాడు థామసు హక్సిలీ. డార్విను సిద్ధాంతమును లోకమునకు వాదించి చెప్పిన మహాపండితుడు. జీవజాతులు మాఱును, పెరుగును, నశించును. మానవజాతియు దీనికి వెలి కాదు అను పాఠము వెల్సు మనస్సున నాటుకొనెను. తరువాత ఆయన చెప్పిన కథలన్నిటికిని విత్తనము ఆ యేడాది చదువే.

అయినను దారి సుగమము కాలేదు. 1887లో భూగర్భశాస్త్ర పరీక్షలో తప్పెను. ఉద్యోగము వెదకికొని వేల్సు దేశమునందొక బడిలో చేరగా, బంతియాటలో మూత్రపిండమునకు దెబ్బ తగిలెను. పిదప నెత్తురు కక్కుకొనెను. వైద్యులు క్షయ యని శంకించిరి. 1890లో పట్టము పొందెను గాని, 1893లో మఱల నెత్తురు పడగా పాఠము చెప్పుట మానవలసి వచ్చెను. నిలుచుండి బోధింప శక్తి లేనివాడు కూర్చుండి వ్రాయ మొదలుపెట్టెను.

ఆయన కీర్తికి మూలమైన గ్రంథము "కాలయంత్రము". విద్యార్థిగా నున్నపుడు కళాశాల పత్రికను నడపినవాడు; ఆ పత్రికలోనే 1888లో ఈ కథ యొక్క తొలిరూపము వెలువడెను. అది ఆయనకే నచ్చలేదు. మార్చి మార్చి వ్రాసి, 1895లో పుస్తకముగా ప్రకటించెను. చిన్న పుస్తకమునకు ఏడేండ్ల తపస్సు.

మీరు భాగవతమున రేవతి కథ నెఱుగుదురు. కకుద్మి మహారాజు కూతునకు వరుని నడుగుటకై బ్రహ్మలోకమునకు పోయి, అచ్చట గానము ముగియువరకు కొంచెము సేపు నిలిచెను. ఇంతలో భూలోకమున 27 మహాయుగములు గడచిపోయెను. మన పెద్దల యూహ యెంత దూరము పోయినదో చూడుడు. అన్నియు మనకు ముందే కలవని చెప్పుట నా యుద్దేశము కాదు. రెంటికిని భేదము కలదు. కకుద్మిని కాలము దాటించినది దైవము. వెల్సు కథలో నొక మనుష్యుడు తన చేతులతో యంత్రము చేసికొని, దానిపై నెక్కి, 802701వ సంవత్సరమునకు పోవును. పోయి యేమి చూచెను? మనుష్యజాతి రెండుగా చీలినది. నేలపై సుకుమారులు ఆడుచు పాడుచు నుందురు. వారికి పనియు లేదు, బుద్ధియు లేదు. నేలక్రింద యంత్రములను నడుపు జాతి చీకటిలో నుండి, రాత్రులందు పైకి వచ్చి ఆ సుకుమారులనే తినును. కష్టపడువారిని తరతరములుగా నేలక్రిందికి త్రోసిన సంఘము తుదకేమగునో ఆయన చూపెను. వీధిలోని చెప్పుల యడుగులు చూచుచు పెరిగిన బాలుడు గదా!

ఆయన కథ చెప్పు పద్ధతి యొకటి గమనింపదగినది. కథకొక్క వింత మాత్రమే పెట్టును. తక్కినదంతయు మనము నిత్యము చూచు లోకమే. 1897లో వ్రాసిన "అదృశ్య మానవుడు" తీసికొందము. ఒక శాస్త్రజ్ఞుడు తన శరీరము కంటికి కనబడకుండ చేసికొనెను. శరీరము కనబడదు గాని బట్టలు కనబడును. కావున చలికాలమున దిగంబరముగా తిరుగవలెను. తిన్న యన్నము జీర్ణమగువరకు కడుపులో కనబడుచుండును. కాళ్ల కంటిన బురద కనబడును. కుక్కలు వాసన పట్టును. ఎవరికిని కనబడని శక్తి వచ్చిన పిదప వానికి లోకమును భయపెట్టి యేలవలెనను దురాశ పుట్టెను. తుదకు జనులచేతి దెబ్బలకు చచ్చెను. మఱుగున నున్నవానికి మర్యాద నిలుచునా యని మన పల్లెలలోను అడుగుచుందురు. వెల్సు ఆ ప్రశ్ననే కథగా నడిపెను.

1898లో "లోకముల సంగ్రామము" వెలువడెను. అంగారక గ్రహమునుండి జీవులు దిగివచ్చి, తమ అగ్నికిరణములతో ఇంగ్లండు దేశమును దహింతురు. ఆ కాలమున బ్రిటిషు సామ్రాజ్యము మహోన్నతదశలో నుండెను. మనము దానిక్రింద నుంటిమి. ఆ పుస్తకము తొలి యధ్యాయములోనే వెల్సు తన దేశస్థులకు టాస్మేనియా ద్వీపవాసులను జ్ఞాపకము చేసెను. ఐరోపానుండి పోయిన వలసవారు ఆ ద్వీపపు జనులను నాశనము చేసిరి. మీరు చేసిన పనినే మీకంటె బలవంతు డొకడు మీకు చేసిన, ఏ ముఖముతో నిందింతురని ఆ కథ యడుగుచున్నది. తుదకు మానవుల ఫిరంగులు ఏమియు చేయలేకపోయెను. కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆ దండెత్తినవారిని చంపెను. హక్సిలీ పాఠము ఇట్లు ఫలించెను.

రేడియోలో మాటాడుచు నొక సంగతి చెప్పక విడువరాదు. 1938 అక్టోబరు 30వ తేదీన అమెరికాలో ఆర్సను వెల్సు అను నటుడు ఈ కథను వార్తలవలె రేడియోలో నాటకమాడెను. కొందఱు శ్రోతలు నిజముగా శత్రువులు దిగినారని భయపడిరి. ఆ భయమును మఱునాటి పత్రికలు చాల పెంచి వ్రాసినవని తరువాతి పరిశోధకులు తేల్చిరి. చెవిని బడినదెల్ల నమ్మరాదను నీతి నాటకమునకు మాత్రమే గాక పత్రికలకును చెల్లును.

కథలు ఎవరి చేతిలో పడునో, ఏమి చేయునో చెప్పలేము. ఆ పుస్తకమును 1898లో పదునాఱేండ్ల అమెరికా బాలుడు రాబర్టు గాడ్డర్డు చదివెను. అతడే పెద్దవాడై 1926 మార్చి 16వ తేదీన ద్రవరూపమైన ఇంధనముతో నడచు మొదటి రాకెట్టును ఎగురవేసెను. వెల్సు 1914లో ప్రకటించిన మఱొక నవలలో పరమాణువును భేదించి చేసిన బాంబులను విమానములనుండి విడుతురు; నగరములు మండిపోవును. ఆ పుస్తకమును 1932లో లియో సిలార్డు అను హంగరీదేశపు శాస్త్రజ్ఞుడు చదివెను. మఱుసటి యేట లండనులో ఆయనకే పరమాణుశక్తిని వెలికిదీయు మార్గము స్ఫురించెను. కథ జ్ఞప్తియందున్నందున, అది దుష్టుల చేతబడిన నేమగునో ఆయన వెంటనే గ్రహించి, తన పత్రమును రహస్యముగా నుంచుటకు యత్నించెను. అయినను 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరములు దగ్ధమయ్యెను. వెల్సు అది విని, మఱుసటి యేట, 1946 ఆగస్టు 13వ తేదీన లండనులో కన్నుమూసెను.

ఆయన చెప్పినవన్నియు నిజమైనవని భ్రమింపవలదు. సముద్రములో మునిగిపోవు యుద్ధనౌక వలన ప్రయోజన ముండదని 1901లో వ్రాసి తప్పెను. 1914 నాటి యుద్ధము యుద్ధములనే అంతమొందించునని వ్రాసి మఱల తప్పెను. తెల్లవారు కాని జాతులను గూర్చి 1901లో కఠినమైన మాటలు వ్రాసెను. అవి మనము క్షమింపదగినవి కావు. అయితే ఆయనయే 1940లో సకల మానవులకు, జాతిభేదము వర్ణభేదము లేక, చెందవలసిన హక్కులను కోరుచు గ్రంథము వ్రాసెను. 1948 డిసెంబరు 10వ తేదీన ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటన చేయుటకు ముందు జరిగిన కృషిలో అదియు నొక భాగము. మనుష్యుడు తన తప్పును దాటి పెరుగవచ్చునని ఈ జీవితము తెలుపుచున్నది.

ఇక మా యూరి బాలుని మాట. అతడు నేడు పట్టణములో సొంత కొట్టు పెట్టుకొని భార్యాబిడ్డలతో సుఖముగా నున్నాడు. బట్టల వర్తకము తక్కువదని నే ననను. వెల్సు అన్నలు ఇద్దరును అందు కాలము గడిపినవారే. ఆ బాలుడు బడిలో నున్నయెడల వెల్సు అయ్యెడివాడనియు అనను. నన్ను బాధించునది వేఱు. ఆనాడు నేనొక్క ప్రశ్నయైన వాని నడుగలేదు. ఏ పుస్తకము చదువుచున్నావు నాయనా, అందేమున్నది అని యడిగి యుండవలసినది. ఇటీవల కొట్టులో కనబడినపుడు, "ఇప్పుడును కథలు చదువుచున్నావా?" అంటిని. "ఎక్కడి తీరిక పంతులుగారూ!" అని నవ్వి, నాకు పంచె చూపెను. నేను పంచె కొని వచ్చితిని.

పెద్దలారా, మీ యింట నొక పిల్లవాడు మూల కూర్చుండి జరుగని కథ చదువుచున్న, వాని చేతినుండి పుస్తకము లాగుటకు ముందు ఆ కథ మీకు చెప్పుమనుడు. పూర్తిగ వినుడు. పిమ్మట వాని భవిష్యత్తును నిర్ణయింపుడు. నేను చేయని పని మీరు చేయవలెనని కోరుచు, సెలవు గైకొనుచున్నాను.