గిటారు లోపల మన టెలికాం విద్య



రిటైరయ్యాక ఏం చేస్తున్నారో చెప్పమన్నారు కార్యదర్శిగారు. ఎలక్ట్రిక్ గిటార్లకు వైరింగు మారుస్తున్నాను. నవ్వకండి. సిగ్నల్ అండ్ టెలికాం శాఖవారికి అందులో కొత్త ఏమీ లేదు.

గిటారు తీగల కింద పికప్ ఉంటుంది. అంటే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని ఎనామిల్ వైరు వేల చుట్లు. ఉక్కు తీగ కదిలితే ఆ కాయిల్లో మిల్లీవోల్టులు పుడతాయి. ఇంటి కరెంటు 50 సైకిళ్ల రొద కూడా అందులోనే దూరుతుంది. 25,000 వోల్టుల ఓవర్‌హెడ్ లైను పక్కన మన టెలిఫోను కేబులుకు వచ్చిన బాధే ఇది. అక్కడ జంట వైర్లను మెలివేసి, రెండింటిలో సమానంగా పుట్టిన రొదను రద్దు చేశాం. సికింద్రాబాద్ ఇరిసెట్‌లో శిక్షణ పొందినవారికి ఈ పాఠం గుర్తుండే ఉంటుంది. గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ 1955లో రెండు కాయిళ్లతో ఇదే పని చేశాడు. ఒకదానికి అయస్కాంతమూ, కనెక్షనూ రెండూ తిరగేశాడు. తీగ నాదం కలుస్తుంది, రొద పోతుంది.

మా మనవరాలి గిటారులో ఉన్నది అలాంటి పికప్పే. "తాతయ్యా, మోత బండగా ఉంది, నా పాట వినబడటంలేదు. ఇది అమ్మేసి వేరేది కొంటాను" అంది. వేరేదంటే పాతిక వేలు. అందులో సగం నా పెన్షను నుంచే వెళ్లాలి. ఒక్క ఆదివారం ఆగమన్నాను.

పికప్పు నుంచి షీల్డు కాక నాలుగు వైర్లు వస్తున్నాయి. రెండు కాయిళ్లూ సిరీస్‌లో ఉన్నాయి, మీటరు 8 కిలో ఓములు చూపింది. కోఠి గుజరాతీ గల్లీలో ఆరు కాళ్ల చిన్న స్విచ్ తెచ్చి ప్యారలల్‌కు మార్చాను. మీటరు 2కు దిగింది. శబ్దం కాస్త తగ్గినా మాట తేటపడింది, రొద మాత్రం రాలేదు. ఒక్క కాయిలే ఉంచితే ఇంకా తేటగా మోగింది గాని ట్యూబులైటు వేయగానే గుయ్యిమంది. ఒక కాయిల్ తిరగేస్తే ముక్కుతో పాడినట్లయింది. "అది వద్దు తాతయ్యా" అని చెవులు మూసుకుంది. చివరికి ప్యారలల్ ఉంచుకుంది, గిటారూ ఉంచుకుంది.

ఇలా స్విచ్‌తో ప్రయోగాలు చేయడం కొత్తేమీ కాదు. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌కు మూడు పికప్పులు, మూడు స్థానాల స్విచ్. వాయించేవాళ్లు దాన్ని రెండు స్థానాల మధ్య ఆపి కొత్త నాదాలు పట్టారు. కంపెనీ అయిదు స్థానాల స్విచ్ పెట్టడానికి 1977 దాకా పట్టింది!

చేయదలచినవారికి రెండు మాటలు. తీగలకు కలిపిన ఎర్తు వైరు తీయకండి. యాంప్లిఫయరు మూడు పిన్నుల ప్లగ్గుకే పెట్టండి, దాని పెట్టె మాత్రం విప్పవద్దు. స్విచ్ ఆపినా వాల్వు యాంప్లిఫయరు కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. ఆ స్విచ్‌ను ఒక చెక్కకు బిగించి తెచ్చాను, టీ తాగాక చూడండి.