ఎడమ పక్క ఖాళీ

స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం



వస్తూ వస్తూ గేటు పక్కన మీ సైకిళ్ళు చూశాను. మా రోజుల్లో అన్నీ నల్లవే, సీటు అందక కాంచీ తొక్కేవాళ్ళం. ఇప్పుడు రంగురంగులవి, కొన్నిటికి గేర్లు కూడా. ఒకటి మాత్రం మారలేదు, పుస్తకాల సంచీ హ్యాండిల్‌కే వేలాడుతోంది. దాన్ని వెనక క్యారియర్‌కు కట్టండి. పట్టీ చువ్వల్లో పడిందంటే ముందు చక్రం బిగుసుకుపోతుంది.

నేను చెప్పాలని వచ్చింది వేరే. తొమ్మిదో తరగతిలో ఒక సాయంత్రం నేను తొక్కుతున్నాను, మిత్రుడు క్యారియర్ మీద ఉన్నాడు. బస్టాండు మలుపు దగ్గర ఒక బస్సు నెమ్మదించి కాస్త కుడికి జరిగింది. ఎడమ పక్క ఖాళీ కనిపించింది, దూరాను. బస్సు మాకు దారి ఇవ్వలేదు, ఎడమకు తిరగడానికి చోటు చేసుకుంది. ముందు చక్రం మమ్మల్ని తప్పించుకుని పోయింది. వెనక చక్రం మిత్రుడి కాలి మీదికి వచ్చింది.

జనం డ్రైవరును కిందికి లాగి కొట్టారు. "నేనే దూరాను" అని నేను అనలేదు. ఇంట్లోనూ చెప్పలేదు, ఈ బడిలోనూ చెప్పలేదు. మిత్రుడికి తెలుసు, వాడూ అనలేదు.

తర్వాత భారీ వాహనాల స్టీరింగ్ విభాగంలో ఉద్యోగం వచ్చింది. విధి అనను, అప్పట్లో దొరికిన ఉద్యోగం అదే. మలుపులో వెనక చక్రం ముందు చక్రం జాడలో నడవదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. పొడవైన బస్సు ఇరుకు మలుపు తిరిగితే ఆ తేడా మీటరు దాటుతుంది. పైగా మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. ఎడమ తలుపు కింద ఉన్న సైకిలు ఆయనకు అద్దంలో కూడా దొరక్కపోవచ్చు. "చూడలేదయ్యా" అని ఆ రోజు ఆయన మొత్తుకున్నది నిజమే అయివుంటుంది.

మలుపు దగ్గర బస్సో లారీయో నెమ్మదిస్తే దాని వెనకే ఆగండి. అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించకపోతే మీరూ ఆయనకు కనిపించరు. వానలో ఇంకా ముందే బ్రేకు పట్టండి, తడిసిన ఇనుప రిమ్ము మీద రబ్బరు జారుతుంది.

గేటు బయట ఒక బస్సు ఆపి ఉంచాం. సభ అయ్యాక ఒక్కొక్కరూ ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చోండి. ఎడమ తలుపు పక్కన ఒకాయన సైకిలు పట్టుకుని నిలబడతాడు, కనిపిస్తాడేమో చూడండి. మూడో వరుసలో కూర్చున్న నా మిత్రుడే ఆ పని అడిగి తీసుకున్నాడు.